రెండో సీసా

6 జనవరి 1997, సోమవారం

డైరీ రాసే అలవాటు నాకు లేదు. నీళ్ళ పరీక్షల లాబ్‌లో ఆరేళ్ళు పనిచేశాను, రాసుకోవలసినంత ఏదీ జరగలేదు. క్లోరిన్ ఎంత, ఉప్పెంత, తాగవచ్చా కూడదా. ఇరవై తొమ్మిదేళ్ళు వచ్చాక ఆ ఉద్యోగం మానేసి ఈ శిక్షణలో ఎందుకు చేరానని అడిగినవాళ్ళకు సరిగ్గా చెప్పలేకపోతున్నాను. ఇక్కడైనా చెప్పుకోవాలి. చెన్నైలో, సముద్రానికి మూడు మైళ్ళ దూరంలో పుట్టి పెరిగాను. అందులో ఏముందో నాకు తెలియదు. అంతే కారణం.

పన్నెండు వారాల శిక్షణ. ఎనిమిది మందిమి. సముద్రాన్ని ఎలా గమనించాలి, ఏ లోతునుంచి నీళ్ళు ఎలా పట్టాలి, ఆ నీళ్ళలో కార్బన్ ఎంత దాగి ఉందో ఎలా కొలవాలి. మాలో ఒక్కరికి, ఒక్కరికే, పరిశోధన ఓడలో నెల రోజుల చోటు ఇస్తారు. బంగాళాఖాతం మధ్యకు.

నేర్పేది మునిరత్నం సార్. చిత్తూరు వైపు మనిషి, అరవైకి దగ్గర. మొదటి గంటలో పాఠం చెప్పలేదు. గాజుగ్లాసులో సముద్రపు నీళ్ళు తెచ్చి బల్లమీద పెట్టి, బొగ్గుపులుసు వాయువు గాలిలో ఎక్కువుందా, సముద్రంలో ఎక్కువుందా అని అడిగారు. అందరం గాలిలోనే అన్నాం. సముద్రంలో ఉన్న కార్బన్ గాలిలో ఉన్నదానికి యాభై రెట్లట. ఆ గ్లాసు వైపు చాలాసేపు చూశాను. మామూలు నీళ్ళలాగే ఉన్నాయి.

ఇంటికొచ్చి నాయనకు చెప్పాను. నాయనకు చూలై పేటలో తక్కెడలు బాగుచేసే వర్క్‌షాపు ఉంది. కొలత అనే మాట చెవిన పడితే చేతిలో పని పక్కన పెడతారు. గోలీ సోడాలో ఉండే గాలే సముద్రంలోనూ ఉందన్నాను.

"అట్లైతే సముద్రంలో బుడగలు రావేమే?" అన్నారు.

రేపు సార్‌ను అడగాలి.

7 జనవరి

బుడగలు ఎందుకు రావంటే, అది నీళ్ళలో చాలావరకు గాలిగా ఉండదు. నీళ్ళతో కలిసి వేరే రూపంలోకి మారిపోతుంది. ఆసిడ్ పోస్తే మళ్ళీ గాలై బయటికొస్తుంది. నాయన రెండుసార్లు చెప్పించుకున్నారు.

9 జనవరి, గురువారం

ఈరోజు మెషిన్ చూపించారు. ఒక గాజుపాత్రలో నీలం రంగు ద్రావకం. సముద్రపు నీటికి ఆసిడ్ కలిపి, వచ్చిన గాలిని ఆ నీలంలోకి పంపిస్తే రంగు వెలిసిపోతుంది. అప్పుడు మెషిన్ కొంచెం కొంచెంగా కరెంటు ఇచ్చి పోయిన నీలాన్ని వెనక్కి తెస్తుంది. ఎంత కరెంటు పట్టిందో లెక్కవేస్తే, ఎంత కార్బన్ ఉండిందో తెలుస్తుంది. కిలో నీళ్ళకు ఇంత అని ఒక అంకె వస్తుంది. మా ఊరి ఒడ్డున పైనీళ్ళకు పంతొమ్మిది వందలకు కొంచెం తక్కువ.

నీలం పోవడం, మళ్ళీ రావడం. పన్నెండు నిమిషాలు పట్టింది. ఎవరో టీకి పిలిచారు, నేను కదల్లేదు. ఇంకొకసారి చూడవచ్చా అని అడిగితే సార్ నవ్వి ఒప్పుకున్నారు.

15 జనవరి, బుధవారం

సీసా నింపడం నేర్చుకున్నాం. రోజంతా అదే పని. రబ్బరు గొట్టం సీసా అడుగుదాకా దించాలి. ఒక్క బుడగ కూడా ఉండకూడదు. సీసా నిండి, పొర్లి, ఇంకో సీసాకు సరిపడా నీళ్ళు పోయేదాకా ఆగాలి. తర్వాత పైన కొంచెం నీళ్ళు వంచేసి, పాదరసం కలిసిన మందు చుక్క వేసి, మూతకు గ్రీజు రాసి బిగించాలి. ఒక్కో లోతుకు ఒక్కొక్కరు రెండు సీసాలు పట్టాలి. రెండిట్లోనూ ఒకే అంకె రావాలి. వస్తేనే మన చెయ్యి నమ్మదగినది.

మందు ఎందుకంటే నీళ్ళలో కంటికి కనిపించని ప్రాణులుంటాయి. సీసాలో మూసేసినా అవి తింటూ, ఊపిరి వదులుతూనే ఉంటాయి. మనం కొలిచేలోపల అంకె మారిపోతుంది. కాబట్టి చంపేయాలి.

నా పక్క బల్ల విజయకుమార్‌ది. నాకన్నా నాలుగేళ్ళు చిన్న, నన్ను అక్కా అంటాడు. తొండియార్‌పేట. వాళ్ళ నాయన హార్బర్‌లో క్రేన్ నడిపి రిటైరయ్యారు. చిన్నప్పటినుంచి ఓడలు చూస్తున్నాడు గాని ఇంతవరకు ఒక్కదానిలోకీ ఎక్కలేదట. మేం రెండు సీసాలు నింపేసరికి అతను ఒకటి నింపుతాడు. అంత నిదానం.

22 జనవరి

వర్క్‌షాపుకు వెళితే సౌకార్‌పేట పప్పుల అంగడి కోదండరాం గారున్నారు, తక్కెడ మరమ్మతుకు తెచ్చి. నాయన ఆయనకు నా ఓడ గురించి చెబుతున్నారు. ఎంపిక ఇంకా కాలేదు నాయనా అంటే, "అయ్యేదే కదా" అన్నారు. కోదండరాం గారు నడిసముద్రంలో చలి ఉంటుందన్నారట. నాయన అప్పుడే స్వెట్టర్ కొనేశారు. ముదురు ఆకుపచ్చ. చెన్నైలో స్వెట్టర్ ఎక్కడ దొరికిందో.

30 జనవరి

అభ్యాసపు సీసాల ఫలితాలు వచ్చాయి. నా జంటలన్నిటికీ తేడా రెండు లోపలే. విజయకుమార్‌వి నాలుగు, అయిదు. సార్ నా కాగితం పైకెత్తి అందరికీ చూపించారు. నాకు గర్వంగా ఉంది. ఎవరికీ చెప్పలేదు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

ఓడ కావాలి. రెండువేల మీటర్ల లోతు నీళ్ళు పైకి వచ్చినప్పుడు నేను అక్కడ ఉండాలి.

4 ఫిబ్రవరి, మంగళవారం

మమ్మల్ని ఇద్దరిద్దరుగా పంపారు. నేనూ విజయకుమారూ కాశిమేడు చేపల రేవునుంచి జాలరి కుప్పుసామి పడవలో వెళ్ళాం. ఆరు చోట్ల నీళ్ళు పట్టాం. నీళ్ళు పట్టే గొట్టాన్ని తాడుతో దించి, తాడు మీద బరువు జారవిడిస్తే లోపల మూతలు మూసుకుంటాయి. అందులో వచ్చిన నీళ్ళనే నేను రెండు సీసాలు, విజయకుమార్ రెండు సీసాలు పట్టాం. ఒకే నీళ్ళు.

మూడో చోటునుంచి పడవ ఊపు పడలేదు. అయిదో చోట, అరవై మీటర్లు, చాలా కష్టమైంది.

అన్నిటికీ మందు వేశాను.

8 ఫిబ్రవరి, శనివారం

ఈరోజు నా సీసాలన్నీ కొలిచాను. ఎండ ఎక్కువగా ఉంది. లాబ్‌లో ఫ్యాన్ తిరగలేదు. అయిదో చోటు 1968. రెండో సీసా కూడా దాదాపు అంతే, 1970. వచ్చేటప్పుడు బస్సులో కూర్చోవడానికి చోటు దొరికింది. నాయన వంకాయ కూర చేశారు.

10 ఫిబ్రవరి, సోమవారం

సార్ అందరి అంకెలూ బోర్డు మీద పక్కపక్కన రాశారు. అన్ని చోట్లా నావీ విజయకుమార్‌వీ కలిశాయి. అయిదో చోట మాత్రం నావి 1968, 1970. అతనివి 1949, 1953. ఒకే గొట్టం నీళ్ళకు ఇరవై దగ్గర తేడా.

ఎవరిది తప్పని సార్ అడిగారు. నా రెండు సీసాలు దగ్గరగా ఉన్నాయి. అతనివి కొంచెం దూరంగా ఉన్నాయి. అతనెప్పుడూ అంతే. మళ్ళీ కొలవడానికి ఆ నీళ్ళు ఎవరి దగ్గరా మిగలలేదు. సార్ బోర్డు చూసి, విజయకుమార్ అంకెల చుట్టూ గీత గీసి, వీటిని పక్కన పెడదాం అన్నారు.

విజయకుమార్ సరే సార్ అని కూర్చున్నాడు.

11 ఫిబ్రవరి

ఓడకు నా పేరు. మార్చి ఎనిమిదిన బయలుదేరుతుంది. నాయన వీధిలో అందరికీ మైసూర్‌పాకు పంచారు.

రెండో సీసా కూడా దాదాపు అంతే వచ్చింది.

13 ఫిబ్రవరి, గురువారం

విజయకుమార్ తన సీసాలన్నీ ఆసిడ్‌తో మళ్ళీ కడిగాడు. గొట్టాలు మార్చాడు. రెండు రోజులుగా అదే పని. మధ్యాహ్నం నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"అక్కా, నేను నీళ్ళు పడతా. నా చెయ్యి ఏడ తప్పుతా ఉండాదో చూసి చెప్పు."

పక్కన నిలబడి చూశాను. గొట్టం అడుగుదాకా దించాడు. బుడగ లేదు. పొర్లే నీళ్ళను గడియారం చూసి లెక్కపెట్టాడు. మందు వేశాడు, మూత బిగించాడు. ఎక్కడా తప్పేమీ లేదు. అతను నా ముఖం చూస్తున్నాడు. ఏదో ఒకటి చెప్పాలి కదా. మూత పెట్టేటప్పుడు కొంచెం ఆలస్యం చేస్తున్నావేమో, ఆలోపల గాలి తగులుతుందేమో అన్నాను.

"అదే అయ్యుంటాది," అన్నాడు. నోటుపుస్తకంలో రాసుకున్నాడు. థ్యాంక్స్ అక్కా అన్నాడు.

14 ఫిబ్రవరి

తలనొప్పి.

16 ఫిబ్రవరి, ఆదివారం

ఇది నా పుస్తకం. ఎవరూ చదవరు. అయినా ఇన్ని రోజులు రాయలేదు.

అయిదో చోటు రెండో సీసా నేను కొలవలేదు. కాశిమేడునుంచి వచ్చే దారిలో వ్యాను కుదుపులకు మూత ఊడి, పెట్టె తీసేసరికి సీసాలో సగం నీళ్ళే ఉన్నాయి. ఆ నీళ్ళకు గాలి తగిలింది, కొలిచినా ప్రయోజనం లేదు. ఆ విషయమే రిజిస్టరులో రాయవలసింది. మొదటి సీసా 1968 వచ్చింది. నా జంటలకు ఎప్పుడూ తేడా రెండే కదా. 1970 అని రాశాను.

రాస్తున్నప్పుడు అబద్ధంలా అనిపించలేదు. నిజంగా అనిపించలేదు. కొలిచి ఉంటే అదే వచ్చేదని అనుకున్నాను.

మొదటి సీసా మాత్రం నిజమే. 1968 నేను కొలిచిన అంకె. కాబట్టి తప్పు విజయకుమార్‌దే. రెండో సీసా ఉన్నా లేకపోయినా తప్పు అతనిదే.

17 ఫిబ్రవరి

మొదటి సీసాకు మందు వేశానా?

గుర్తు తెచ్చుకుంటున్నాను. మొదటి నాలుగు చోట్లా వేసినట్టు గుర్తుంది. ఒంటి మీద పడకుండా చుక్క వేసే గొట్టాన్ని దూరంగా పట్టుకున్నాను. పాదరసం విషం కదా. అయిదో చోట సీసా నింపి అంచు దగ్గరికి పరుగెత్తి వాంతి చేసుకున్నాను. కుప్పుసామి భుజం పట్టుకున్నాడు. తిరిగి వచ్చాక మూత బిగించాను. ఆ రెండిటి మధ్య ఏమీ గుర్తులేదు.

వేసే ఉంటాను. చెయ్యికి అలవాటే.

18 ఫిబ్రవరి

మందు వేయని సీసాలో నాలుగు రోజుల్లో అంకె ఎంత పెరుగుతుంది? సార్ పెరుగుతుందన్నారు గాని ఎంతో చెప్పలేదు. పుస్తకాల్లో చూశాను, మన సముద్రపు నీళ్ళకు ఎక్కడా రాసిలేదు. తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ఆరు సీసాలు చాలు. ఊరికే తెలుసుకుందామని. దీనికీ ఆ విషయానికీ సంబంధం లేదు.

20 ఫిబ్రవరి, గురువారం

తెల్లవారగానే కాశిమేడు వెళ్ళాను. కుప్పుసామికి వలలు సర్దుకునే పని ఉంది, అయినా నన్ను తీసుకెళ్ళాడు. మళ్ళీ వాంతి చేసుకుంటావా అని అరవంలో అడిగి నవ్వాడు. చేసుకోలేదు. నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చున్నాను.

నిన్న సార్ అనుమతి అడిగితే దేనికని అడిగారు. అభ్యాసానికి అన్నాను. గొట్టం ఇచ్చారు. అరవై మీటర్లనుంచి ఒక్కసారే నీళ్ళు తీసి ఆరు సీసాలు నింపాను. మూడింటికి మందు వేశాను. మూడింటికి వేయలేదు. లాబ్ బీరువాలో పెట్టాను. ఎప్పుడు సోమవారం వస్తుందా అని ఉంది. అచ్చం మొదటి వారం లాగా.

ఒక సంగతి రాయాలి. గొట్టం పైకి వచ్చాక చెయ్యి పెట్టి చూశాను. పైనీళ్ళకన్నా కొంచెం చల్లగా ఉంది. అరవై మీటర్లకే అంత తేడా ఉంటే, రెండువేల మీటర్ల దగ్గర ఎలా ఉంటుంది?

24 ఫిబ్రవరి, సోమవారం

మందు వేసినవి: 1944, 1946, 1943.

వేయనివి: 1963, 1961, 1965.

మొదట సంతోషం వేసింది. అది దాచకూడదు. అంకెలు అంత శుభ్రంగా రెండు గుంపులుగా విడిపోతే ఒళ్ళు పులకరించింది. బీరువా చీకట్లో, మూసిన సీసాలో, ఆ కనిపించని ప్రాణులు నాలుగు రోజులు ఊపిరి వదిలాయి. ఎంత వదిలాయో నేను కొలిచాను. పంతొమ్మిది. మన సముద్రానికి ఈ అంకె ఇంతకుముందు ఎవరూ కొలిచి ఉండకపోవచ్చు. కాగితం పట్టుకుని సార్ గదిదాకా వెళ్ళాను.

తలుపు దగ్గర ఆగాను. 1968లోనుంచి పంతొమ్మిది తీసేస్తే 1949.

విజయకుమార్ మొదటి సీసా 1949.

తిరిగి వచ్చేశాను.

25 ఫిబ్రవరి

రేపు చెబుతాను.

26 ఫిబ్రవరి

సార్ రాలేదు.

27 ఫిబ్రవరి

సార్ వచ్చారు. గదిలో ఎవరో ఉన్నారు. సాయంత్రందాకా ఎవరో ఒకరు ఉంటూనే ఉన్నారు. మధ్యలో అరగంట ఎవరూ లేరు. అప్పుడు నేను సీసాలు కడుగుతున్నాను.

నాయన ఓడ ప్రయాణానికి ఊరగాయ పెట్టారు. రెండు జాడీలు.

28 ఫిబ్రవరి, శుక్రవారం

చెప్పాను.

సార్ ఏదో రాసుకుంటున్నారు. కూర్చోమన్నారు, కూర్చోలేదు.

"సార్, అయిదో చోటు రెండో సీసా నేను కొలవలేదు."

ఆయన పెన్ను మూత పెట్టారు. "కొలవకుండా అంకె ఏడనుంచి వచ్చింది?"

"నేనే రాసినాను."

మొదటి సీసాకు మందు వేయలేదనుకుంటున్నానని కూడా చెప్పాను. అనుకోవడమెందుకని అడిగారు. ఆరు సీసాల కాగితం ముందు పెట్టాను. తిడతారనుకున్నాను. ఆయన ఆ కాగితాన్ని చాలాసేపు చదివారు. ఎన్ని గంటలకు నింపావు, బీరువాలో వేడి ఎంత ఉండింది, ఆరూ ఒకే రోజు కొలిచావా అని ఒక్కొక్కటే అడిగారు. అన్నిటికీ జవాబు చెప్పాను. ఆయన ముఖంలో ఒక్క క్షణం కనిపించింది, సోమవారం నాకు వేసిన ఆ సంతోషం. వెంటనే పోయింది.

"ఇంత బాగా చేసినదానివి. ఆ పని ఎందుకు చేసినావు?"

"ఓడ కావాలనిపించింది సార్."

రిజిస్టరు తెప్పించారు. 1970 మీద నా చేత్తోనే ఒకే ఒక్క గీత కొట్టించారు. కింద అంకె కనబడాలన్నారు. పక్కన ఏం జరిగిందో రాయించి, సంతకం, తేదీ పెట్టించారు. 1968 పక్కన మందు వేయలేదని రాయించారు. విజయకుమార్ అంకెల చుట్టూ ఉన్న గీతను ఆయనే తీసేశారు.

ఓడ మాట ఆయన ఎత్తలేదు. నేనే ఎత్తాను. విజయకుమార్ వెళ్ళాలి అన్నాను. తల ఊపారు. ఆ సంగతి మాత్రం నువ్వే పోయి చెప్పు అన్నారు.

వరండాలో చెప్పాను. విజయకుమార్ అడ్డురాకుండా విన్నాడు. ఓడ గురించి ఒక్క మాటా అడగలేదు.

"పదమూడో తేదీ నా చెయ్యి చూసి చెప్పింది? మూత ఆలస్యమైతా ఉండాదని?"

"అదీ నిజం కాదు."

జేబులోని నోటుపుస్తకం తీసి ఆ మాట కొట్టేశాడు.

"సరి మేడం," అన్నాడు. వెళ్ళిపోయాడు.

1 మార్చి

నాయనకు చెప్పలేదు. కోదండరాం గారు ఉన్నారు.

5 మార్చి

ఓడ ఆలస్యమైందని నాయనకు చెప్పాను. ఎంత ఆలస్యం అన్నారు. తెలియదన్నాను.

8 మార్చి, శనివారం

ఓడ ఉదయం పది గంటలకు వెళ్ళింది. నేను హార్బర్ వైపు వెళ్ళలేదు. లాబ్‌లో సీసాలు కడిగాను. నలభై రెండు.

15 మార్చి

ఓడ ఎప్పుడని నాయన అడగడం మానేశారు. కోదండరాం గారు మాత్రం అడుగుతున్నారు. ఇంజను రిపేరని నాయనే ఆయనకు చెబుతున్నారు. ఇంజను సంగతి నేను చెప్పలేదు. నాయన తనంతట తానే కల్పించారు, నన్ను కాపాడటానికి. నాకు తెలిసే ఊరుకున్నాను.

28 మార్చి, శుక్రవారం

శిక్షణ ముగిసింది. అందరికీ శిక్షణ పూర్తిచేసినట్టు కాగితాలు ఇచ్చారు. నాదీ ఇచ్చారు. ఎక్కడా ఏమీ రాసిలేదు, మామూలు కాగితమే. తీసుకోవడానికి చెయ్యి రాలేదు.

అందరూ వెళ్ళాక సార్ పిలిచారు. ఓడ వచ్చే నెల రెండో వారంలో వస్తుంది, సీసాలు వందకు తగ్గకుండా వస్తాయి, కొలవడానికి మనిషి కావాలి అన్నారు. నన్ను నమ్ముతారా సార్ అని అడిగాను.

"నమ్మకం సంగతి నాకు తెలీదు. నువ్వు కొలిచేటప్పుడు ఇంకొకరు పక్కన ఉంటారు. నీకే కాదు, ఇంకమీద ఎవరు కొలిచినా అంతే. ఆ ఏర్పాటు మొదటే లేకపోవడం నా పొరపాటు."

సోమవారం వస్తానన్నాను.

9 ఏప్రిల్, బుధవారం

ఓడ వచ్చింది. పెట్టెలు లాబ్‌లోకి చేరాయి. విజయకుమార్ నల్లబడ్డాడు, చిక్కాడు. అందరితో మాట్లాడాడు. నాతో, "పెట్టెలు ఇక్కడ పెట్టమంటారా?" అన్నాడు. ఇంతకుముందు నువ్వనేవాడు.

నేను కొలిచేటప్పుడు పక్కన ఉండేది అతనేనని సార్ చెప్పారు.

11 ఏప్రిల్, శుక్రవారం

రెండు రోజులుగా కొలుస్తున్నాం. నేను సీసా తెరుస్తాను, అతను చూస్తాడు, సంతకం పెడతాడు. తర్వాత అతను, నేను. పనికి కావలసిన మాటలు తప్ప ఇంకేమీ లేవు.

మధ్యాహ్నం రెండువేల మీటర్ల సీసా వచ్చింది. చేతిలోకి తీసుకున్నాను. మామూలు నీళ్ళే, లాబ్‌లో ఉన్నంత వెచ్చగా. ఆసిడ్ పోశాను. నీలం పోయింది. తిరిగి రావడానికి ఎప్పుడూ పట్టేదానికన్నా ఎక్కువసేపు పట్టింది. 2296. రెండో సీసా 2299. పైనీళ్ళు 1880 దగ్గర ఉన్నాయి.

అంటే పైన వెలుతురులో పెరిగిన కంటికి కనిపించని మొక్కలు గాలిని తిని, చచ్చి, మెల్లగా కిందికి రాలి, అక్కడ ఇతర ప్రాణుల ఊపిరై ఆ చీకట్లో మిగిలిపోతాయి. ఆ నీళ్ళు మళ్ళీ పైకి వచ్చి గాలిని చూసేసరికి వందల ఏళ్ళు పడుతుందట. సార్ జనవరిలో చెప్పిందే. అప్పుడు రాసుకున్నాను. ఈరోజు చూశాను.

ఎంత ఎక్కువో, అని పైకే అన్నాను. విజయకుమార్ అవునన్నాడు.

12 ఏప్రిల్, శనివారం

సీసాలు అయిపోయాయి. బల్ల తుడుస్తున్నాను. విజయకుమార్ వెళ్ళిపోతాడనుకుంటే వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"మీరు చెప్పకపోయుంటే నాకు ఎప్పటికీ తెలిసుండదు. అది నాకు తెలుసు. కానీ పద్దెనిమిది దినాలు నా చెయ్యే సరిలేదనుకున్నా. ఇంట్లో చెంబుతో నీళ్ళు పోసుకునేటప్పుడు కూడా చెయ్యి చూసుకుంటా ఉన్నా. ఓడ ఎక్కినాక కూడా మొదటి వారం మూత పెట్టాలంటే భయం."

క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. అతను చెయ్యి అడ్డంగా ఊపాడు. అది వద్దు, ఊరికే తెలియాలని చెప్పినా అన్నాడు. నేను బల్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను.

తర్వాత ఆ ఆరు సీసాల సంగతి అడిగాడు. సార్ ఇచ్చి పంపిన కాగితం ఓడలో చదివాడట. నా కాగితం తీసి చూపించాను. వేలు పెట్టి ఒక్కో అంకె చదివాడు.

"బీరువాలో పెట్టినారా? అంటే చీకట్లో. వెలుతుర్లో పెట్టుంటే?"

నాకు తట్టనే లేదు. వెలుతురులో ఉంటే ఆ కనిపించని మొక్కలు గాలిని తింటాయి. అంకె పెరగదు, తగ్గవచ్చు. లేదా తినేవీ వదిలేవీ సరిసమానమై కదలకుండా ఉండిపోవచ్చు. అరవై మీటర్ల నీళ్ళయితే ఎలా, పైనీళ్ళయితే ఎలా? ఇద్దరం ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టి ఇద్దరం ఆగిపోయాం. అతను కాగితం వెనక గళ్ళు గీశాడు. చీకట్లో మూడు, వెలుతుర్లో మూడు, మందు వేసినవి మూడు, రెండు లోతులు. పద్దెనిమిది సీసాలు. సార్‌ను అడుగుదామన్నాడు. వచ్చే వారం కుప్పుసామి పడవ ఖాళీగా ఉంటుందట.

వెళ్ళేటప్పుడు అక్కా అనలేదు. వస్తానండి అన్నాడు.

బస్సు దిగి నేరుగా వర్క్‌షాపుకు వెళ్ళాను. నాయన ఒక్కరే ఉన్నారు. ఎదురుగా పీటమీద కూర్చుని మొత్తం చెప్పాను. రెండో సీసా, మందు, విజయకుమార్ చెయ్యి, రిజిస్టరు, ఓడ వెళ్ళిపోయిన రోజు. ఎక్కడా ఆపలేదు ఆయన. నేను చెప్పడం అయిపోయాక చేతిలోని తక్కెడ దండెను గుడ్డతో తుడిచి కింద పెట్టారు.

"ఆ అబ్బాయి పోయినాడా మరి?" అన్నారు.

"పోయి వచ్చినాడు నాయనా."

"మంచిది."

వీధిలో ఏం చెబుతారని నేను అడగలేదు. ఆయన లేచి కుండలోనుంచి నీళ్ళు ముంచి నాకిచ్చారు. తాగాను. గ్లాసు తీసుకుంటూ, ఆడ అంత లోతులో నీళ్ళు ఎట్లుంటాయంట అని అడిగారు.

ఓడలో సంగతులు విజయకుమార్ లాబ్‌లో మిగతావాళ్ళకు చెబుతుంటే విన్నది చెప్పాను. పైన డెక్ మీద కాళ్ళు కాలే ఎండ. అడుగునుంచి వచ్చిన గొట్టాన్ని పట్టుకుంటే వేళ్ళు తిమ్మిరెక్కుతాయట. గొట్టం చుట్టూ తడి పట్టి బొట్లుబొట్లుగా కారుతుందట. అందులో కార్బన్ ఎంత ఉందో మాత్రం నేనే కొలిచానని చెప్పాను. అంకెలు రెండూ చెప్పాను.

"పైన తక్కువ, కింద ఎక్కువ," అన్నారు నాయన. "ఎప్పటికైనా పైకి వచ్చేస్తాదా అది?"

తెలిసినంతవరకు చెప్పాను. ఆ తర్వాత ఆయన అడిగిన వాటిలో సగానికి నాకు తెలియదని చెప్పాను.